పట్టా అమ్మినాయన పేరున, ఇల్లు మాది: ఇందిరమ్మ ఇల్లు వస్తుందా?

ప్రశ్న (దేవరకొండ దగ్గరి పల్లె నుంచి):
ప్రభుత్వం పేదలకు పంచిన ఇంటి జాగను మా అత్తమ్మ 2011లో వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాయించుకొని కొన్నారు. పట్టా మాత్రం ఇప్పటికీ అమ్మినాయన పేరునే ఉంది. రేకుల కప్పుకు ఒక మూల కురుస్తుంది కాబట్టి వానాకాలమంతా అక్కడ ఒక తపేలా పెట్టే ఉంచుతాము. ఇందిరమ్మ ఇళ్ల సర్వేలో మా పేరు ఎల్-1 (సొంత జాగ ఉన్నవారి) జాబితాలోకి వచ్చింది గాని, ఇప్పుడు జాగ కాగితాలు అడుగుతున్నారు. ఏం చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
అక్కా, 1977 నాటి అసైన్డ్ భూముల (అంటే ప్రభుత్వం పేదలకు పంచిన భూముల) బదిలీ నిషేధ చట్టం సాగు భూమికే కాక ఇంటి స్థలానికీ వర్తిస్తుంది. అందువల్ల ఆ స్టాంపు కాగితానికి చట్టం ముందు విలువ లేదు. నోటరీ చేయించినా అంతే. అయితే అదే చట్టానికి తెలంగాణ 2018లో చేసిన సవరణ ప్రకారం, 2017 డిసెంబరు 31 లోపు మంచి నమ్మకంతో, తగిన ధర ఇచ్చి కొని, భూమిలేని పేదలై ఉండి, ఆ జాగలోనే ఉంటున్నవారికి దాన్ని తిరిగి అసైన్ చేసే అవకాశం ఉంది. అంటే జాగ మీకు అమ్మినాయన నుంచి కాదు, ప్రభుత్వం నుంచే రావాలి. కరెంటు బిల్లులు, ఇంటిపన్ను రసీదులు జతచేసి అత్తమ్మ పేరుననే తహశీల్దారు కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు కొనుగోలు) కింద పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, అది వ్యవసాయ భూమికి సంబంధించిన దారి.

జవాబు 2:
పై మాట సరైనదే. ఆ పని తేలేదాకా పాత గోడలు కూల్చకండి. ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు ఒక్కసారి రావు: పునాది అయ్యాక, గోడలు లేచాక, స్లాబు పడ్డాక, ఇల్లు పూర్తయ్యాక, ఇలా దశలవారీగా వస్తాయి. పునాది దాకా చేతి డబ్బే పెట్టుకోవాలి, ఆ తరువాత కూడా సర్కారు బిల్లు పడేదాకా మేస్త్రీ కూలి ఆగదు. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకుండా, 600కు మించకుండా కట్టాలని నిబంధన. పెద్దది కడదామన్న ఆశతో కొలత దాటితే బిల్లు దగ్గర చిక్కు వస్తుంది.

జవాబు 3 (మహబూబ్‌నగర్ నుంచి):
మీకు కనీసం జాగ ఉంది. మా ఎల్-2 వారికి అదీ లేదు. ఏటా వలసపోయి వచ్చే కుటుంబాలే ఇక్కడ ఎక్కువ. ఈ పథకం ప్రభుత్వ ఉత్తర్వులతో నడుస్తున్నదే గాని, ఇల్లు హక్కు అని చెప్పే చట్టం కాదు. ఇళ్ల కట్టడాల అనుమతులకు సంబంధించిన టీఎస్-బీపాస్ చట్టం పట్టణంలో 75 గజాల లోపు జాగలో ఇల్లు కట్టడానికి ఒక్క రూపాయి రుసుముతో నమోదు చాలునంటుంది, చాలా మంచి నిబంధన. ఆ 75 గజాలు ఎక్కడి నుంచి తేవాలన్నదే మా గోస.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. సోమవారం అత్తమ్మను వెంటబెట్టుకొని తహశీల్దారు కార్యాలయానికి వెళ్తాను. 2012 నుంచి ఇంటిపన్ను రసీదులు ఒక సంచిలో దొరికాయి, రెండు మాత్రం తడిసి అక్షరాలు చెదిరాయి.