సమస్యాపూరణం: “తీయఁదీయ నదియె ద్విగుణమయ్యె”

నిర్వాహకుడు (గవర్నరుపేట, విజయవాడ):
ఈ వారం సమస్య, ఆటవెలది పద్యానికి నాలుగో పాదం. ముందు మూడు పాదాలూ మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి:

తీయఁదీయ నదియె ద్విగుణమయ్యె

తీసేకొద్దీ పెరిగేది ఏమిటని పిల్లల్ని అడిగితే గొయ్యి అని టక్కున చెప్పేస్తారు. పెద్దవాళ్ల కోసం ఆ ముడి కాస్త బిగించాను. ఊరికే పెరిగితే చాలదు, సరిగ్గా రెట్టింపు కావాలి. అదీ ఒక్కసారి తీస్తే కాదు, తీయగా తీయగా కావాలి. ఈ రెండు మాటలకూ కారణం మొదటి మూడు పాదాల్లోనే దొరకాలి. పద్యం కింద వివరణ రాసి నెట్టుకురావద్దు.

కొత్తవాళ్ల కోసం: గణమంటే లఘువు (ఒక మాత్ర), గురువు (రెండు మాత్రలు) అక్షరాల చిన్న గుంపు; సూర్యగణం చిన్నది, ఇంద్రగణం పెద్దది. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో కలవాలి, ఇక్కడ తీ–ద్వి. “నదియె” పక్కన ద్వి అనే సంయుక్తాక్షరం ఉంది కదా, దాని ముందున్న యె గురువు కాదా అని ఇప్పటికే ఒకరు అడిగారు. కాదు. రెండూ వేరువేరు పదాలు, సమాసం లేదు కాబట్టి యె లఘువే.

కొత్తపేట, గుంటూరు:
పార పట్టి మట్టి పైకెత్తి పోయగా
గుంత లోతు పెరిగె కూలి వంగి
కొలత కఱ్ఱ దింపి కొసదాక లెక్కించె
తీయఁదీయ నదియె ద్విగుణమయ్యె.

నిర్వాహకుడు:
ధార బాగుంది. కర్ర దింపి కొలవడం కళ్లకు కట్టింది. “పెరిగె కూలి” దగ్గర ద్రుతం (“పెరిగె” చివర దాగిన నకారం) ఉంది, “పెరిగెఁ గూలి” అనాలి. యతికి ఇబ్బంది లేదు, గు–గూ కలుస్తాయి. కానీ మళ్లీ ఆ గొయ్యే వచ్చింది. రెట్టింపే ఎందుకయింది? ఇంకో గంట తవ్వితే మూడింతలయ్యేది. “ద్విగుణ” తీసి “త్రిగుణ” పెట్టి చూడండి, గణమూ యతీ కూడా కుదురుతాయి, అర్థమూ చెడదు. ఏ మాట పెట్టినా ఒప్పుకునే పూరణలో సమస్య ఇంకా విడిపోలేదన్నమాటే.

పటమట, విజయవాడ:
చదువులమ్మ సొత్తు సంపద చిత్రమ్ము
పంచి పెట్టు కొలఁది పెంపు హెచ్చు
దొంగ లెత్తుకొనఁగ దొరకదు నిధి యిది
తీయఁదీయ నదియె ద్విగుణమయ్యె.

అరండల్‌పేట మాస్టారు, గుంటూరు:
అమ్మా, రెండో పాదంలో యతి తప్పింది. పం–పెం: హల్లు కలిసింది గానీ అచ్చు కలవలేదు. “పంచి పెట్టు కొలఁది బలము హెచ్చు” అనండి, ప–బ మైత్రి సరిపోతుంది. మొదటి పాదంలో చ–సం యతి చక్కగా పడింది. మూడో పాదం నాకు చాలా నచ్చింది. భావం మాత్రం సుభాషితాల్లో నలిగినదే. పైగా పెరగడం ఉంది, రెట్టింపు కనిపించలేదు.

పటమట, విజయవాడ:
సవరించాను మాస్టారూ. గురువు దగ్గర ఉన్నది అలాగే ఉంటుంది, శిష్యుడి దగ్గర ఇంకొకటి తయారవుతుంది, అలా రెండైందని నా ఉద్దేశం.

నిర్వాహకుడు:
అసలు ముక్క అదేనమ్మా! అది పద్యంలోకి రావాలి. దొంగల పాదం తీసేసి ఆ చోట గురుశిష్యులను కూర్చోబెట్టండి. మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాం.

మాచవరం, విజయవాడ:
అవసరమున కొక్క డప్పుగాఁ దెచ్చిన
నూఱు రూకలకును నోటు వ్రాసి
నెలకు రెండు వడ్డి, నిండె నేబది నెలల్
తీయఁదీయ నదియె ద్విగుణమయ్యె.

నిర్వాహకుడు:
లెక్కకు తిరుగులేదు. నూటికి నెలకు రెండు రూపాయలంటే యాభై నెలలకు వడ్డీ వంద, అసలు వంద. “నోటు వ్రాసి” మన బజారులో రోజూ వినే మాట, పద్యంలో భలే ఒదిగింది. “ద్విగుణ”కు తాళం పడింది, “త్రిగుణ” ఇక దూరలేదు. ఇప్పుడు “తీయఁదీయ” వదులైంది. తెచ్చింది ఒక్క అప్పే కదా, మళ్లీ మళ్లీ తీసింది ఏమిటి?

మాచవరం, విజయవాడ:
పోనీ, పదిని అరతో భాగిస్తే ఇరవై వస్తుంది. దాన్ని పద్యం చేయనా?

నిర్వాహకుడు:
భాగించడం వేరు, తీయడం వేరండీ. పదిలోంచి అర తీస్తే తొమ్మిదిన్నరే.

బ్రాడీపేట, గుంటూరు:
ఆఫీసు నుంచి గుంటూరు బస్సులో వస్తుంటే మంగళగిరి దాటాక తట్టింది. తప్పులుంటే చెప్పండి.

నాల్గు మూల లున్న నాపరాతినిఁ బట్టి
మూల మూల కొనను ముక్క కోసి
యెంచి చూడ మూల లెనిమిది గనుపట్టె
తీయఁదీయ నదియె ద్విగుణమయ్యె.

నిర్వాహకుడు:
శభాష్! ఈ పద్యం చూసి నాకు ఒళ్లు పులకరించింది. అందరూ ఒక కాగితం ముక్క తీసుకుని చేసి చూడండి. ఒక మూల కత్తిరిస్తే ఆ మూల పోయి దాని చోట రెండు వస్తాయి. నాలుగు అయిదవుతుంది, తర్వాత ఆరు, ఏడు, ఎనిమిది. నాలుగు సార్లు తీయాలి కాబట్టి “తీయఁదీయ” ఖాయం. మొదటి మూలలు నాలుగే, అవి అయిపోగానే లెక్క ఎనిమిది దగ్గర ఆగుతుంది కాబట్టి “ద్విగుణ” ఖాయం. మూడు మూలల పలకైతే ఆరు, అయిదు మూలలదైతే పది, ఎప్పుడూ రెట్టింపే. పల్నాటి నాపరాయి పరిచిన ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు! అయినా ఇది మనలో ఇంకెవరికీ తట్టలేదు.

మాచవరం, విజయవాడ:
ఒక్క సందేహం. అంచు సగం దగ్గర నుంచి పక్క అంచు సగం దాకా కోస్తూ పోతే, నాలుగు మూలలూ తీశాక మిగిలేది మళ్లీ చదరమే. మూలలు నాలుగే!

బ్రాడీపేట, గుంటూరు:
నిజమేనండీ. అందుకే “కొనను ముక్క” అన్నాను. కొన మాత్రమే కోస్తే కోతలు ఒకదానికొకటి తగలవు.

అరండల్‌పేట మాస్టారు, గుంటూరు:
ఆ “కొన” లేకపోతే పూరణే కూలిపోయేది, పాదం నింపడానికి పడిన మాట కాదది. ఒక్క వ్యాకరణ దోషం ఉంది. మూలలు బహువచనం, సమస్యలో “అదియె” ఏకవచనం. మూడో పాదంలో “మూల” తీసి “లెక్క” పెట్టు నాయనా: “యెంచి చూడ లెక్క యెనిమిది గనుపట్టె”. లెక్క అయితే “అది” అనవచ్చు. గణాలూ యతీ చెక్కుచెదరవు.

రెట్టింపు అనగానే గణితాన్ని తెలుగు పద్యాల్లో రాసిన పాతకవి పావులూరి మల్లన గుర్తొచ్చాడు. చదరంగం 64 గళ్లలో మొదట ఒకటి పెట్టి గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం 18446744073709551615. ఆ ఇరవై అంకెలనూ మాటలుగా మార్చి ఆయన ఒక్క చంపకమాల పద్యంలో బిగించాడు. శర అంటే 5, శశి అంటే 1, షట్కం 6, ఇలా ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పోతాడు. ఒక్క మాట జారినా సంఖ్య మారిపోతుంది. మన బ్రాడీపేట పద్యంలో “కొన”కూ అంత పని ఉంది.

బ్రాడీపేట, గుంటూరు:
“లెక్క” పెట్టేశాను మాస్టారూ. నమస్కారం.

నిర్వాహకుడు:
ఈ వారానికి బ్రాడీపేట పూరణే మేటి. పటమటవారి రెండో ప్రయత్నం కోసం దారి తెరిచే ఉంచుతున్నాను. వచ్చే వారం సమస్య:

కోయఁగానె చుట్టు గొప్పదయ్యె

పొడవాటి కాగితం పట్టీకి ఒక్క అర మెలిక పెట్టి రెండు కొసలూ అతికించండి. దాన్నే మోబియస్ పట్టీ అంటారు. నడిమి గీత వెంట చుట్టూ కత్తిరిస్తే రెండు చుట్లుగా విడిపోదు, రెట్టింపు పొడవున్న ఒకే చుట్టు అవుతుంది. ఇది ఒక దారి మాత్రమే, వేరే దారి దొరికితే ఇంకా సంతోషం. ఈ దారిన వచ్చేవాళ్ల పద్యంలో మాత్రం మెలిక తప్పకుండా కనిపించాలి. మెలిక లేని చుట్టును కోస్తే రెండు విడి చుట్లే వస్తాయి.