అప్‌డేట్: గ్రాంటు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు పంచాయతీ బడ్జెట్
కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు ఎప్పుడు, ఎంత జమవుతుందో తెలియని స్థితిలో మా గ్రామ పంచాయతీ వార్షిక బడ్జెట్‌కు ఆదాయాన్ని ఎలా అంచనా వేయాలని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఇంటి పన్ను, నల్లా చార్జీల్లో డిమాండును (వసూలు కావాల్సిన మొత్తాన్ని) కాక, గత మూడేళ్లలో నిజంగా వసూలైన మొత్తాన్నే ఆధారం చేసుకోమన్న సూచనే పనిచేసింది. మా లెక్కలు చూసిన మండల పంచాయతీ అధికారి కూడా అదే లోపాన్ని పట్టుకున్నారు: ఏళ్లనాటి మొండి బకాయిలు సైతం రాబడిలో చేరిపోయి ఉన్నాయి. వీధి దీపాల కరెంటు బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, బోరు మోటారు మరమ్మతులకు ముందుగా సొంత ఆదాయం నుంచే కేటాయించి, గ్రాంటు పనులను డబ్బు జమయ్యాకే మొదలుపెట్టేలా విడిగా చూపించాము. 15వ ఆర్థిక సంఘం (2021-26) నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపడి ఉండేది, మిగతా 40 శాతాన్నీ జీతాలకు వాడకూడదన్న నిబంధన ఉండేది కనుక ఈ విభజన తప్పనిసరి అయిందని నా అభిప్రాయం. పన్ను రేట్లు పెంచాలా అన్న చర్చ మా విషయంలో అవసరపడలేదు.