కొత్త మెషిన్‌లో జెంటూ: క్యూటీవెబ్‌ఇంజిన్ దగ్గర కంపైల్ పడిపోతోంది

మారతహళ్లి_జె16:
రైజెన్ 7 7700, 16 జీబీ డీడీఆర్5 ఒకే స్టిక్, 1 టీబీ ఎన్‌వీఎంఈ. జెంటూ అంటే ప్రోగ్రామ్‌లను సోర్స్ కోడ్ నుంచి మన మెషిన్‌లోనే కంపైల్ చేసుకునే లినక్స్. దాని స్టేజ్3 (మొదటి బేస్ సిస్టమ్ ఆర్కైవ్) విప్పి, ప్రొఫైల్ పెట్టి, ఎమర్జ్ (ప్యాకేజీలు ఎక్కించే కమాండ్)తో డెస్క్‌టాప్ మొదలుపెట్టాను. చిన్న ప్యాకేజీలన్నీ ఎక్కాయి. క్యూటీవెబ్‌ఇంజిన్ (వెబ్ పేజీలు చూపించే పెద్ద లైబ్రరీ) మాత్రం గంట నడిచాక "కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్" అని ఆగిపోతోంది. మేక్‌ఆప్ట్స్ -జె16, అంటే ఒకేసారి 16 కంపైల్ జాబ్‌లు. పోర్టేజ్ (జెంటూ ప్యాకేజీ మేనేజర్) బిల్డ్ డైరెక్టరీని 12 జీబీ టీఎంపీఎఫ్ఎస్‌లో (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్) పెట్టాను. ర్యామ్ పోయిందా? బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపులకెళ్లి మార్పించుకోవాలా?

జయనగర్_రూట్:
వద్దండీ, స్టిక్‌ని అనుమానించకండి. ర్యామ్ పాడైతే "ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్" అనో, సెగ్‌ఫాల్ట్ అనో, ఒక్కోసారి ఒక్కో ఫైల్ దగ్గర వస్తుంది. మీది మెమరీ చాలక కెర్నెల్ ప్రాసెస్‌ని చంపేయడం. డీమెసెజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) "అవుట్ ఆఫ్ మెమరీ" లైను ఉంటుంది, చూడండి. ఒక్కో జాబ్‌కి 2 జీబీ లెక్కేసుకోవాలి. 16 జాబ్‌లంటే 32 జీబీ. పైగా టీఎంపీఎఫ్ఎస్ కూడా ఆ ర్యామ్‌లోంచే తింటోంది.

మేక్‌ఆప్ట్స్‌ని అన్ని ప్యాకేజీలకీ తగ్గించక్కర్లేదు. /ఈటీసీ/పోర్టేజ్/ఎన్వ్‌లో ఒక ఫైల్ పెట్టి, అందులో -జె6, ఇంకా పోర్టేజ్_టీఎంపీడీఐఆర్‌కి (బిల్డ్ ఎక్కడ జరగాలో చెప్పే సెట్టింగ్) డిస్క్ మీది దారి రాయండి. ఆ డైరెక్టరీ ముందే సృష్టించి ఉండాలి. తర్వాత /ఈటీసీ/పోర్టేజ్‌లోని ప్యాకేజ్.ఎన్వ్‌లో డెవ్-క్యూటీ/క్యూటీవెబ్‌ఇంజిన్ పక్కన ఆ ఫైల్ పేరు రాయండి. ఎమర్జ్‌కి --జాబ్స్ ఇచ్చి ఉంటే అదీ తీసేయండి, లేకపోతే ఒకేసారి రెండు మూడు ప్యాకేజీలు లేచి లెక్కంతా తప్పుతుంది.

బైనరీ_కోరమంగళ:
అసలు దాన్ని కంపైల్ చేయడమెందుకు? 2023 డిసెంబర్ నుంచి జెంటూయే బైనరీ (ముందే కంపైల్ చేసిన) ప్యాకేజీలు ఇస్తోంది. మేక్.కాన్ఫ్ ఫైల్‌లోని ఫీచర్స్‌లో గెట్‌బిన్‌పీకేజీ చేర్చండి. మీ ప్రాసెసర్‌కి బిన్‌రిపోస్.కాన్ఫ్‌లో (బైనరీలు ఎక్కడినుంచి తేవాలో చెప్పే ఫైల్) ఎక్స్86-64-వీ3 (కొత్త ప్రాసెసర్ల కోసం కట్టినవి) దారి పెట్టుకోవచ్చు. మీ యూజ్ ఫ్లాగులు (ప్యాకేజీలో ఏ సౌకర్యాలు ఉండాలో చెప్పే సెట్టింగులు) వాళ్లవాటితో కలవకపోతే మాత్రం సోర్స్ నుంచే కడుతుంది. అందుకే ముందు ఎమర్జ్‌కి -పీవీ (ఏదీ ఎక్కించకుండా జాబితా మాత్రమే చూపుతుంది) వేసి, ఏది "బైనరీ" అని వస్తోందో చూసుకోండి.

జయనగర్_రూట్:
బైనరీ సలహా మంచిదే, నేనూ అదే చేయమంటాను. సోర్స్ నుంచే కట్టాలనుకుంటే కరెంటు సంగతి కూడా చూసుకోండి. యూపీఎస్ లేకుండా టీఎంపీఎఫ్ఎస్‌లో కడితే, కరెంటు పోగానే కట్టిందంతా పోతుంది. డిస్క్ మీదైతే వర్క్ డైరెక్టరీ మిగులుతుంది. కరెంటు వచ్చాక ఎమర్జ్ --రెజ్యూమ్ వేయకండి, అది ఆ ప్యాకేజీని మొదటినుంచీ కడుతుంది. ఆ ప్యాకేజీ ఈబిల్డ్ ఫైల్ (దాన్ని ఎలా కట్టాలో చెప్పే స్క్రిప్ట్) మీద ఈబిల్డ్ కమాండ్‌ని మెర్జ్‌తో నడపండి, ఆగిన చోటునుంచి అందుకుంటుంది. పోర్టేజ్_టీఎంపీడీఐఆర్ మార్చారు కాబట్టి అదే దారిని ఆ కమాండ్‌కి ముందు ఇవ్వడం మరచిపోకండి.