పీజీ రూములోనే హెయిర్ తీసుకోవాలి: రేజరా, క్రీమా, ఎపిలేటరా, ఐపీఎల్ మెషినా?

గుంటూరు_టు_బెంగళూరు:
అక్కలందరికీ నమస్తే. మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నా, రూముకి ముగ్గురం ఒకటే బాత్రూము, పొద్దున గీజరు వేసేది కాసేపే కాబట్టి ఎవరూ లోపల ఎక్కువసేపు ఉండటానికి లేదు. ఇంటి దగ్గర ఉన్నప్పుడు పార్లర్ ఆంటీ వచ్చి వ్యాక్స్ చేసి వెళ్ళేది, ఇక్కడ చేతులు కాళ్ళు అండరార్మ్స్ కలిపి బిల్లు వేస్తే నా జీతానికి నెలనెలా కుదిరే పని కాదు. నాది చామనఛాయ కంటే ఇంకొంచెం డార్క్, వెంట్రుకలు నల్లగా మందంగా ఉంటాయి. వ్యాక్స్ అయ్యాక కాళ్ళమీద చిన్న పొక్కులొస్తాయి, అవి మానాక నల్లచుక్కలు నెలలతరబడి ఉండిపోతాయి, నొప్పి ఎంతైనా ఓర్చుకుంటా గానీ ఆ చుక్కలు చూస్తే ఏడుపొస్తుంది. రేజర్ వాడతానంటే అమ్మ ఫోన్లోనే అరుస్తోంది, మగాళ్ళ గడ్డంలా మందంగా వస్తాయే అని. రూమ్మేట్ ఏమో ఐపీఎల్ మెషిన్ (వెలుగు ఫ్లాష్ కొట్టి వెంట్రుకలు తగ్గించేది) కొనేయ్, ఇంక జన్మలో రావు అంటోంది. వాడినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

హెచ్ఎస్ఆర్_అక్క:
చెల్లీ, ముందు అమ్మగారికి ఇది చెప్పు. షేవింగ్ వల్ల వెంట్రుక మందం అవ్వదు. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అని అమెరికాలో ఒక శాస్త్రవేత్త మగవాళ్ళ చేత గడ్డం గీయించి ఆ వెంట్రుకల్ని కొలిచి చూసింది, మందమూ పెరగలేదు, పెరిగే స్పీడూ పెరగలేదు. మామూలుగా వెంట్రుక కొస సన్నగా ఉంటుంది కదా, రేజర్ దాన్ని మధ్యలో అడ్డంగా కోస్తుంది, ఆ మొండికొస బయటికొస్తుంటే చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే. వెంట్రుకని తయారుచేసే కుదురు చర్మం లోపల ఉంటుంది, బ్లేడు అక్కడిదాకా పోనేపోదు.

కాకపోతే నీ పీజీలో వచ్చేది బోరు నీళ్ళో ట్యాంకర్ నీళ్ళో అయ్యుంటుంది, ఆ ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు, నురగ లేకుండా బ్లేడు లాగితే చర్మం గీరుకుపోతుంది. అందుకని సబ్బు వద్దు, షేవింగ్ జెల్ గానీ, లేదంటే తలకి రాసుకునే కండిషనర్ గానీ రాసుకో, అది నురగతో పనిలేకుండా జారుతుంది. స్నానం చివర్లో, వెంట్రుక నాని మెత్తబడ్డాక, అది వాలి ఉన్న దిక్కుకే గీయాలి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది నిజమే కానీ షేవింగ్ లో పొక్కులు వచ్చేది ఎక్కువగా అలానే, అందులో నీలా మందం వెంట్రుక అయితే ఇంకా ఎక్కువ. రేజర్ బాత్రూములో తడిగా వదిలేయకు, రూమ్మేట్స్ తో అస్సలు షేర్ చేయకు. రెండు మూడు రోజులకే మళ్ళీ మొలుస్తాయి, ఆ చాకిరీ మాత్రం తప్పదు.

వేళచ్చేరి_వదిన:
మాది నెల్లూరు, పెళ్ళయ్యాక చెన్నై. నేను పంచదార పాకం తప్ప ఇంకోటి వాడను, ఎందుకంటే వ్యాక్స్ జిడ్డు పోవాలంటే నూనె పట్టించాలి, ఇది ఉత్త నీళ్ళతో కడిగితే పోతుంది. పంచదార, కొంచెం నీళ్ళు, నిమ్మరసం. నిమ్మరసం మానకూడదు, అది లేకపోతే పాకం పలుకు కడుతుంది. తీగపాకం దాటి ఉండపాకం రావాలి, నీళ్ళ గిన్నెలో చుక్క వేస్తే మెత్తగా ఉండ కట్టాలి, తేనె రంగు రాగానే దించేయ్. పూర్తిగా గోరువెచ్చనయ్యేదాకా ముట్టుకోవద్దమ్మా, పాకం కాలితే మామూలుగా కాలదు. వ్యాక్స్ కీ దీనికీ తేడా ఏంటంటే పాకం వెంట్రుకకి ఎదురు రాసి, అది వాలిన వైపుకే లాగాలి, అలా అయితే మధ్యలో తెగడం తక్కువ. మూడు నాలుగు వారాలు హాయిగా ఉండొచ్చు. మీ పీజీలో స్టవ్ పెట్టనివ్వరేమో, ఇంటికెళ్ళినప్పుడు చేసి డబ్బాలో తెచ్చుకో.

డెర్మా_రెసిడెంట్:
స్కిన్ లో పీజీ చేస్తున్నాను (హాస్టల్ పీజీ కాదు, చదువు). మన రంగు చర్మానికి ఏ పద్ధతిలో ఎక్కువ నున్నగా వస్తుంది అన్నదానికంటే ఏది తక్కువ మంట పుట్టిస్తుంది అని చూసుకోవాలి. చర్మం ఎక్కడ రేగినా, పొక్కు, గీత, కాలిన చోటు ఏదైనా, అక్కడ మెలనిన్ (చర్మానికి, వెంట్రుకకి రంగునిచ్చే పదార్థం) ఎక్కువ తయారై మచ్చ మిగులుతుంది, మీ నల్లచుక్కలు అవే.

ఇక ఐపీఎల్. ఆ వెలుగు వెతికేది మెలనిన్ నే. వెంట్రుకలో మెలనిన్ ఆ వెలుగుని పీల్చుకుని వేడెక్కి కుదుర్ని దెబ్బతీస్తుంది. చర్మం తెల్లగా వెంట్రుక నల్లగా ఉన్నవాళ్ళకి బాగా పనిచేస్తుంది, చర్మంలోనే మెలనిన్ ఎక్కువుంటే వేడి అక్కడే ఆగిపోయి బొబ్బలు రావచ్చు. అందుకే బాగా డార్క్ స్కిన్ కి ఇంటి మెషిన్లు వాడొద్దని కంపెనీలే డబ్బా మీద స్కిన్ టోన్ చార్ట్ వేస్తాయి, చాలావాటికి సెన్సర్ ఉండి ఫ్లాష్ అవ్వవు కూడా. కొనేముందు ఆ చార్ట్ పక్కన చెయ్యి పెట్టి చూసుకోండి. జన్మలో రావు అన్నది కూడా నిజం కాదు, తగ్గుతాయి, మధ్యమధ్యలో మళ్ళీ చేసుకుంటూ ఉండాలి. డార్క్ స్కిన్ కి క్లినిక్ లో చేసే 1064 నానోమీటర్ల ఎన్డీ యాగ్ అనే లేజర్ మిగతావాటికంటే సేఫ్, అది లోతుకి వెళ్తుంది, పైచర్మంలోని మెలనిన్ దాన్ని తక్కువ పీల్చుకుంటుంది.

వెంట్రుకలు తీసే క్రీముల్లో ఎక్కువగా ఉండేది థయోగ్లైకోలేట్ అనే కెమికల్. వెంట్రుకలోని కెరటిన్ అనే ప్రొటీన్ బంధాల్ని అది కరిగిస్తుంది, చర్మం పైపొరలోనూ కెరటినే కాబట్టి ప్యాక్ మీద రాసిన టైము దాటి ఒక్క నిమిషం కూడా ఉంచొద్దు. ముందు మోచేతి దగ్గర కొంచెం రాసి 24 గంటలు చూడండి. ఇంకో ముఖ్యమైన మాట, మొటిమలకి అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటివి రాస్తుంటే అక్కడ వ్యాక్స్, పాకం రెండూ వద్దు, తొక్క ఊడి వచ్చేస్తుంది. మొటిమలకి ఇచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటుంటే అసలే వద్దు, ఆపాక కూడా కొన్ని నెలలు ఆగాలి.

గుంటూరు_టు_బెంగళూరు:
చాలా థాంక్స్ అండీ, చార్ట్ చూశాను, నా రంగు వద్దన్న గడిలోనే ఉంది, మెషిన్ ఆలోచన మానేశా. ఎపిలేటర్ (వెంట్రుకల్ని కుదుళ్ళతో పీకే చిన్న మెషిన్) గురించి ఎవరూ చెప్పలేదు? ఇంకోటి, ఈ మధ్య గడ్డం కింద కూడా నాలుగైదు గట్టి వెంట్రుకలు వస్తున్నాయి, వాటికీ అదే వాడొచ్చా? ఇక్కడ పక్క రూము తమిళమ్మాయి కుప్పైమేని ఆకు, కస్తూరి పసుపు నూరి రాయమంటోంది.

ఎపిలేటర్_ఫ్యాన్:
నేను వాడతాను, చేతులకి చాలా బాగుంటుంది, కరెంటు పోయినా చార్జింగ్ ఉంటే చాలు, బాత్రూము కూడా అక్కర్లేదు, మంచం మీద పాత దుప్పటి వేసుకుని చేసుకోవచ్చు. మొదటిసారి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, తర్వాత్తర్వాత సన్నబడి అంత ఉండదు. చర్మం చేత్తో లాగిపట్టి, మెషిన్ నిటారుగా పెట్టి, మెల్లగా నడపాలి, తోసి అదిమేస్తే వెంట్రుక తెగి చర్మం లోపలే ముడుచుకుని పెరుగుతుంది, ఆ పొక్కులు అవే. రాత్రి పడుకునేముందు చేసుకుంటే తెల్లారేసరికి ఎరుపు తగ్గిపోతుంది, తర్వాత రెండ్రోజులు లెగ్గింగ్స్ వేసుకోకుండా వదులు కాటన్ ప్యాంట్లు వేసుకో. నీకు కాళ్ళకి పొక్కులు వస్తాయంటున్నావు కాబట్టి ముందు చేతులకి వాడి చూడు, కాళ్ళకి హెచ్ఎస్ఆర్ అక్క చెప్పినట్టు షేవింగే పెట్టుకో. చంకలకి ట్రిమ్మర్ చాలు, చర్మాన్ని గీరదు కాబట్టి నల్లబడటం తక్కువ.

డెర్మా_రెసిడెంట్:
కుప్పైమేని అంటే మన కుప్పింటాకు. దానికి వెంట్రుక కుదుర్ని ఆపే శక్తి ఉందని రుజువు లేదు, కొందరికి దద్దురు కూడా వస్తుంది, ముఖం మీద రాయొద్దు. గడ్డం దగ్గరివి ఇప్పటికి చిన్న కత్తెరతో కత్తిరించుకోండి లేదా గీయండి, పీకొద్దు. గట్టి వెంట్రుకలు కొత్తగా గడ్డం మీద వస్తున్నాయి అంటే పీరియడ్స్ టైముకి వస్తున్నాయా, బరువు పెరిగారా, మొటిమలు ఎక్కువయ్యాయా అన్నవి చూసుకోవాలి, పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా వల్ల వచ్చే సమస్య) ఉంటే ఇలా మొదలవ్వచ్చు. ఒకసారి గైనకాలజిస్ట్ కి చూపించి హార్మోన్ టెస్టులు చేయించుకోండి. పీసీఓఎస్ ఉన్నవాళ్ళకి ముఖం మీద లేజర్, ఐపీఎల్ వల్ల పక్కన కొత్త వెంట్రుకలు మొలిచిన కేసులు కూడా ఉన్నాయి, అందుకే ముందు టెస్టులు, ఆ తర్వాతే మెషిన్ల మాట.

గుంటూరు_టు_బెంగళూరు:
పీరియడ్స్ రెండు నెలలకోసారి వస్తున్నాయి, ఉద్యోగం టెన్షన్ అనుకున్నా. ఈ శనివారం సెలవే, అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.