డ్రాఫ్ట్ ముందు మోకాలు పోయిన ఆటగాడికి జట్లు అన్యాయం చేస్తున్నాయా?

గోదారి గట్టు

మనవాళ్ళలో ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) చూసేవాళ్ళు ఇప్పుడు బాగానే ఉన్నారు కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను. చూడనివాళ్ళ కోసం ఒక్క ముక్క: ఏటా ఏప్రిల్‌లో 32 జట్లు ఏడు రౌండ్లలో కాలేజీ ఆటగాళ్ళను వరసగా ఎంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్. ఎంచుకున్న వరస నంబరే పిక్. ఐపీఎల్‌లా వేలం పాట ఉండదు. ఎన్నో నంబరులో పిలిచారన్నదాన్ని బట్టే మొదటి నాలుగేళ్ళ జీతం దాదాపు ఖరారైపోతుంది.

డ్రాఫ్ట్ ముందు దెబ్బ తగిలితే కుర్రాడి పని అయిపోయిందని అందరూ గోల చేస్తారు. నేను ఒప్పుకోను. సత్తా ఉన్నవాడిని ఏ దెబ్బా ఆపలేదు. ఫ్రాంక్ గోర్‌కి కాలేజీలోనే రెండు మోకాళ్ళ లిగమెంట్లూ తెగాయి. 2005లో మూడో రౌండ్‌లో 65వ పిక్‌గా పోయాడు. తర్వాత 16 సీజన్లు ఆడి బంతి పట్టుకుని సరిగ్గా 16,000 గజాలు పరిగెత్తాడు, ఆల్‌టైమ్ లిస్టులో మూడోవాడు. విల్లిస్ మెక్‌గేహీకి 2003 జనవరి ఫియస్టా బౌల్‌లో (సీజన్ చివర ఆడే పెద్ద కాలేజీ మ్యాచ్‌లని బౌల్ అంటారు) మోకాలు ఛిద్రమైంది. అయినా అదే ఏప్రిల్‌లో బఫెలో 23వ పిక్‌గా తీసుకుంది, ఏడాది కూర్చోబెట్టింది, 2004లో అతను వెయ్యి గజాలు దాటాడు. టువా టాగోవైలోవాకి 2019 నవంబర్‌లో తుంటి కీలు తప్పింది. ఐదు నెలలకే మయామి 5వ పిక్ అతనిమీద పెట్టింది. అన్యాయం అనేవాళ్ళు వీటికి జవాబు చెప్పాలి.

ఫ్రిస్కో నాన్న

గట్టు గారూ, మీరు చెప్పినవన్నీ గట్టెక్కినవాళ్ళ పేర్లు. మార్కస్ లాటిమోర్ పేరెందుకు రాయలేదు? సౌత్ కరోలినా కాలేజీ రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. 2012 అక్టోబర్‌లో టెనెసీ మీద ఆడుతుంటే మోకాలు కీలే తప్పింది. 2013లో నాలుగో రౌండ్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో తీసుకుంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా 2014లో రిటైరయ్యాడు. అతనికి సత్తా లేదంటారా?

అది పక్కన పెట్టినా, తిరిగి ఆడాడా లేదా అన్నది సగం కథే. జేలన్ స్మిత్ సంగతి చూడండి. 2016 జనవరి 1, ఫియస్టా బౌల్, స్మిత్ కాలేజీ నోటర్‌డామ్‌కీ ఒహాయో స్టేట్‌కీ మ్యాచ్. మొదటి క్వార్టర్‌లో ప్రత్యర్థి లైన్‌మన్ నెట్టడంతో ఎడమకాలు నేలమీద మెలిపడింది. రెండు లిగమెంట్లు తెగాయి, పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతింది. అంతకుముందు అతన్ని మొదటి ఐదుగురిలో లెక్కవేసేవారు. చివరికి రెండో రౌండ్‌లో 34వ పిక్.

అదే మ్యాచ్‌లో అవతలి జట్టులో ఎజెకియల్ ఎలియట్ ఉన్నాడు. నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. ఏప్రిల్‌లో ఇద్దరినీ తీసుకున్నది మన డాలస్ కౌబాయ్సే. ఎలియట్ 4వ పిక్, నాలుగేళ్ళకి సుమారు 2.5 కోట్ల డాలర్లు. స్మిత్‌కి అదే నాలుగేళ్ళకి సుమారు 65 లక్షల డాలర్లు. ఒకే రోజు ఒకే మైదానంలో దిగిన ఇద్దరు. ఆ తేడా మళ్ళీ ఎవరు ఇస్తారు?

పాలమూరు పిల్లోడు

అన్నా, స్మిత్ టాప్ 5 అని ఎవరు చెప్పిన్రు? డ్రాఫ్ట్ కాకముందు ఎవరి అంచనా వాళ్ళది. 34కి పోయిండు, అది ఒక్కటే నిజం.

న్యూజెర్సీ చలి

ఇది ఫుట్‌బాల్ ఒక్కదానిలోనే లేదండీ. నేను వెన్ను ఆపరేషన్‌కి మెడికల్ లీవ్ పెట్టి తిరిగి వచ్చేసరికి నా ప్రాజెక్టు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. "పూర్తిగా కోలుకున్నాక చూద్దాం" అన్నారు, రెండు నెలలకి లేఆఫ్ లిస్టులో నా పేరుంది. వీసా గడువు లెక్కపెట్టుకుంటూ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో. ఒంట్లో బాగోలేనివాడిని ఎవరూ నమ్మరు.

గోదారి గట్టు

చలి గారూ, మీకు జరిగింది బాధాకరం. కానీ మీరు అప్పటికే అక్కడ ఉద్యోగి. డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాడు ఎవరి ఉద్యోగీ కాదు.

ఫ్రిస్కో నాన్న గారూ, జట్టు వైపు నుంచి ఒకసారి చూడండి. ఏడాదికి ఒక్కో జట్టుకి రౌండుకొకటి చొప్పున ఏడు పిక్‌లు. మొదటి పిక్ తప్పితే రెండు మూడేళ్ళు ఆ గుంత పూడదు, జనరల్ మేనేజర్ ఉద్యోగం ఊడుతుంది. క్లెమ్సన్ నుంచి డాక్వాన్ బవర్స్ వచ్చాడు, ఒక దశలో అందరికంటే ముందు పోతాడన్నారు. మోకాలి భయంతో 2011లో 51కి జారాడు. అతను ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పెద్దగా ఎదగలేదు, వదిలేసిన జట్ల భయమే నిజమైంది. సిడ్నీ జోన్స్ 2017 మార్చిలో ప్రో డే నాడు (కాలేజీలోనే జట్లకి తమ ఆట చూపించే రోజు) అకిలీస్, అంటే మడమ వెనక టెండన్, తెంచుకున్నాడు. ఫిలడెల్ఫియా 43వ పిక్ పెట్టింది, అనుకున్నంత ఆట రాలేదు. డబ్బు పెట్టేవాడికి భయం ఉండటం అన్యాయం ఎలా అవుతుంది?

ఫ్రిస్కో నాన్న

పొద్దున సత్తా ఉన్నవాడిని ఏ దెబ్బా ఆపలేదన్నారు. ఇప్పుడు జట్ల భయం సబబేనంటున్నారు. ఏదో ఒకదాని మీద నిలబడండి సార్.

పైగా ఆ భయం కూడా అన్ని జట్లకీ ఒకేలా ఉండదు. స్మిత్ మోకాలికి ఆపరేషన్ చేసింది ఎవరు? కౌబాయ్స్ జట్టు డాక్టర్ డాన్ కూపర్. లోపల నరం ఎలా ఉందో కళ్ళారా చూసినవాడు. మిగతా 31 జట్లు రిపోర్టులు చూసి తటపటాయిస్తుంటే డాలస్ ధైర్యం చేసింది. కుర్రాడి ఒంటి గురించి అవతలివాళ్ళకి తెలిసినంత కుర్రాడికి తెలియదు, తెలిసినా బేరం ఆడే వీలు లేదు. నాకు అన్యాయంగా అనిపించేది అదే.

పాలమూరు పిల్లోడు

డాలస్ ఇచ్చిన 34 తక్కువ అంటున్నరు, మరి 33 దాకా ఎవరూ తీసుకోలే కదా? కౌబాయ్స్‌ని ఎందుకు అంటున్నరు? 2019ల 5 ఏళ్ళకు 6.4 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది కూడా వీళ్ళే.

ఫ్రిస్కో నాన్న

తమ్ముడూ, ఇచ్చారు. 2021 అక్టోబర్‌లో సీజన్ మధ్యలో తీసేశారు కూడా. అది కూడా రాయి.

ఫిజియో అక్క

నేను రోజూ మోకాళ్ళతోనే పనిచేస్తాను కాబట్టి కొంచెం చెప్పనివ్వండి. "దెబ్బ" అని అందరూ ఒకే మాట వాడుతున్నారు, అసలు తేడా అందులోనే ఉంది.

ఏసీఎల్ (మోకాలి లోపలి ముఖ్యమైన లిగమెంట్) ఒక్కటే తెగితే ఇప్పుడు దాన్ని బాగుచేసే దారి అందరికీ తెలుసు. మోకాలిచిప్ప కింది టెండన్ నుంచో, తొడ వెనక నుంచో ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా వేస్తారు. తొమ్మిది నెలలో ఏడాదో పడుతుంది. అందుకే ఏసీఎల్ తెగినా మొదటి రౌండ్‌లో పోతున్నారు. టాడ్ గర్లీ 2015లో 10వ పిక్, జెఫరీ సిమన్స్ 2019లో 19వ పిక్, జేమ్సన్ విలియమ్స్ 2022లో 12వ పిక్. సిమన్స్‌కి ఫిబ్రవరిలో తెగింది, అంటే డ్రాఫ్ట్‌కి రెండు నెలల ముందు. అయినా మొదటి రౌండ్ దాటలేదు.

నరం దెబ్బతింటే కథ వేరు. నరం రోజుకి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది, అదీ పెరిగితే. మోకాలి దగ్గర నుంచి కింద కండ దాకా చేరడానికి నెలలు పడుతుంది, చేరుతుందో లేదో ఏ డాక్టరూ మాట ఇవ్వలేడు. 2017లో జేలన్ స్మిత్ మైదానంలోకి దిగినప్పుడు కూడా పాదం వాలిపోకుండా పట్టీ కట్టుకునే ఆడాడు. చూసినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంకొకటి. ఇండియానాపోలిస్‌లో జరిగే కంబైన్ (డ్రాఫ్ట్ ముందు ఆటగాళ్ళని పరీక్షించే శిబిరం) అంటే పరుగు, ఎత్తు దూకడం అనుకుంటారు. జట్లకి అక్కడ ముఖ్యమైనది వైద్య పరీక్ష. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ, తర్వాత గది తర్వాత గది. ఒక్కో గదిలో కొన్ని జట్ల డాక్టర్లు కూర్చుని ఉంటారు, ఒకరి తర్వాత ఒకరు అదే మోకాలిని పట్టుకుని ముందుకీ పక్కకీ లాగి చూస్తారు. ఆపరేషన్ అయినవాళ్ళని ఏప్రిల్‌లో మళ్ళీ పిలిపిస్తారు. కాగితం మీద ఒకే మోకాలు. ఒక డాక్టరు పనికొస్తుందంటాడు, ఇంకొకడు నాలుగేళ్ళకంటే నిలవదంటాడు. గర్లీనే చూడండి. 2015లో తొలి ఏడాది అవార్డు, 2018లో 6 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్టు, 2020లో అదే మోకాలి ఇబ్బందితో వదిలేశారు. ఇద్దరు డాక్టర్లూ నిజమే చెప్పినట్టు.

ఓరుగల్లు కూత

ఇంత చర్చ ఎందుకండీ. డ్రాఫ్ట్ ముందున్నప్పుడు బౌల్ మ్యాచ్ ఆడకపోతే సరిపోయె. 2016 డిసెంబర్‌లో క్రిస్టియన్ మెకాఫ్రీ, లెనార్డ్ ఫోర్నెట్ మానేశారు. ఒకరు 8వ పిక్, ఇంకొకరు 4వ పిక్. అదే నెలలో మిషిగన్ జేక్ బట్ ఆరెంజ్ బౌల్ ఆడి ఏసీఎల్ తెంచుకుని ఐదో రౌండ్‌కి పోయాడు.

గోదారి గట్టు

ఇదిగో, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నాలుగేళ్ళు అన్నం పెట్టిన కాలేజీ, పక్కన నిలబడ్డ స్నేహితులు, వాళ్ళ ఆఖరి మ్యాచ్. "నాకు జీతం పోతుంది, నేను రాను" అంటాడా? అలాంటివాణ్ణి నా జట్టులోకి ఊరికే ఇచ్చినా తీసుకోను. అయినా మానేస్తే దెబ్బ తగలదని రాసిచ్చారా? డేవిడ్ ఒజాబోని ఎవరూ ముట్టుకోలేదు. 2022 మార్చిలో ప్రో డే నాడు ఒంటరిగా డ్రిల్ చేస్తుంటే అకిలీస్ తెగింది. 45వ పిక్‌కి పోయాడు. తగలాల్సింది ఎక్కడున్నా తగులుతుంది.

ఫ్రిస్కో నాన్న

అన్నం పెట్టిందా? 2021 జులై దాకా కాలేజీ ఆటగాడు తన పేరు మీద ఒక్క డాలరు సంపాదించుకోవడానికి వీల్లేదు. స్టేడియం నిండేది వాళ్ళని చూడటానికి, టీవీ డబ్బు వచ్చేది వాళ్ళ వల్ల. స్మిత్ ముందే ఇన్సూరెన్స్ కట్టుకున్నాడు కాబట్టి రెండో రౌండ్‌కి జారినందుకు సుమారు 9 లక్షల డాలర్లు వచ్చాయని అప్పట్లో వార్తలు. పోయినదాంట్లో అది ఎంత?

గట్టు గారూ, మీకు ఇది కబురు. నాకు ఇంట్లో విషయం. మా పెద్దాడు హైస్కూల్ ఫుట్‌బాల్ టీమ్‌లో లైన్‌బ్యాకర్, డిఫెన్స్‌లో ఆడతాడు. కిందటి సీజన్‌లో మోకాలు వాచింది. వాడు కోచ్‌కి చెప్పాడు. "శుక్రవారం పెద్ద మ్యాచ్, టేపు చుట్టుకుని ఆడు, టీమ్ నీమీద ఆధారపడి ఉంది" అన్నారు. ఆడాడు. మూడో క్వార్టర్‌లో ఏసీఎల్, మెనిస్కస్ (మోకాలి లోపలి మెత్తటి పొర) రెండూ పోయాయి. అప్పటిదాకా వారం వారం మెసేజ్‌లు పెట్టిన కాలేజీ రిక్రూటర్లు ఆపరేషన్ సంగతి తెలిశాక ఒక్కరూ పలకలేదు. టీమ్ ఆధారపడి ఉందన్న కోచ్ ఇప్పటిదాకా మా గుమ్మం తొక్కలేదు. మీ "పక్కన నిలబడటం" అంటే ఇదేనా? మీలాంటివాళ్ళ మాటలకే పిల్లలు కాళ్ళు విరగ్గొట్టుకుంటున్నారు.

గోదారి గట్టు

మీ అబ్బాయి కాలు నేను విరగ్గొట్టలేదు. మాట జాగ్రత్త.

నిర్వాహకుడు

ఇద్దరూ వ్యక్తిగతంగా వెళ్ళకండి. విషయం మీద మాట్లాడండి.

పాలమూరు పిల్లోడు

టాప్ 5 అన్నదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలే.

గోదారి గట్టు

రాత్రంతా ఆలోచించాను. నేనెందుకు ఇంత పట్టుదలగా ఉన్నానో చెప్తాను. కాకినాడలో చదివేటప్పుడు వాలీబాల్ ఆడేవాణ్ణి. ఇంటర్ యూనివర్సిటీకి వెళ్ళే మ్యాచ్. మా కెప్టెన్ బ్యాంకు పరీక్ష దగ్గర పడిందని, వేలికి దెబ్బ తగిలితే పెన్ను పట్టుకోలేనని రాలేదు. మేం ఓడిపోయాం. మిగతా ఐదుగురికీ అదే ఆఖరి అవకాశం, నాతో సహా. అతనికి ఉద్యోగం వచ్చింది. మాకు ఏమొచ్చింది? ఒక్కడు తన భద్రత చూసుకుంటే ఆ నష్టం మిగతావాళ్ళ నెత్తిన పడుతుంది. దాని లెక్క ఏ డ్రాఫ్ట్ పట్టికలోనూ కనిపించదు. మీరు ఒక్క ఆటగాడి జీతం లెక్కపెడుతున్నారు. నేను మిగిలినవాళ్ళని లెక్కపెడుతున్నాను.

ఫ్రిస్కో నాన్న

ఇది ముందే చెప్పి ఉంటే నిన్న అంత మాట అనేవాణ్ణి కాదు. కానీ ఒప్పుకోవడం మాత్రం లేదు. మీ కెప్టెన్ రానందుకు మీరు ఓడారు, ఆ బాధ నిజం. కానీ మీ గెలుపు కోసం అతను తన వేలిని మీకు బాకీపడలేదు. ఒళ్ళు అతనిది. పరీక్ష పోయుంటే మీ ఐదుగురూ కలిసి అతనికి జీతం ఇచ్చేవారా? డ్రాఫ్ట్‌లో జట్టు తన డబ్బు గురించి భయపడితే తెలివి అంటున్నారు. కుర్రాడు తన మోకాలి గురించి భయపడితే మాత్రం ద్రోహం అంటున్నారు. మన గొడవ మొత్తం ఇక్కడే ఉంది.

గోదారి గట్టు

జట్టుకి కాంట్రాక్టు ఉంటుంది. స్నేహితుడికి మాట ఉంటుంది. నాకు ఆ రెండూ ఒకటి కావు, ఎప్పటికీ కావు.

ఓరుగల్లు కూత

నాన్న గారూ, ఇప్పుడు బాబు ఎట్లున్నడు?

ఫ్రిస్కో నాన్న

పరిగెత్తుతున్నాడు. ఆగస్టు ప్రాక్టీసుకి వెళ్తానని పట్టుబట్టాడు. స్కూల్‌కి మేం సంతకం పెట్టిన కాగితం ఇవ్వాలి. మా ఆవిడ వద్దంటోంది. వాడు "నాన్నా, నేను లేకపోతే టీమ్ ఏమవుతుంది" అంటున్నాడు. గట్టు గారి మాటే వాడి నోట వింటున్నాను. అక్కా, మీరేమంటారు?

ఫిజియో అక్క

నొప్పి లేదన్నదాన్ని నమ్మకండి. తొమ్మిది నెలలు నిండకుండా మైదానంలోకి పంపకండి, ముందే వెళ్ళినవాళ్ళలో మళ్ళీ తెగడం ఎక్కువ. తొడ కండ బలం రెండు కాళ్ళకీ మెషీన్ మీద కొలిపించండి, దెబ్బతిన్నది రెండోదాంట్లో కనీసం 90 శాతం ఉండాలి. ఒంటికాలి మీద దూకించి దూరం కూడా రెండు వైపులా కొలవమనండి. అవి వచ్చాక సర్జన్ రాతపూర్వకంగా సరే అంటేనే సంతకం పెట్టండి. కోచ్ మాట మీద వద్దు, బాబు మాట మీద కూడా వద్దు.

గోదారి గట్టు

అక్క చెప్పింది చేయండి. ఆ రిపోర్టు బాగుంటే మాత్రం వాణ్ణి ఆపకండి.