చల్లగా ఉండే ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఇంటి పన్ను తగ్గించాలా?

మిద్దెతోట ఉప్పల్:
ఉప్పల్‌లో 150 గజాల్లో ఇల్లు కట్టాను. పడమటి వైపు రెండు వరుసల గోడ లేపి మధ్యలో రెండంగుళాల ఖాళీ వదిలాం. కిటికీలన్నిటికీ రెండడుగుల సజ్జలు వేయించాను. శ్లాబు మీద తెల్ల టైల్స్ పరిచాం. మామూలుగా కడితే అయ్యేదానికంటే లక్షా ఎనభై వేలు ఎక్కువైంది. మే నెల మధ్యాహ్నం కూడా మా ఇంట్లో ఫ్యాన్ చాలు.

ఏప్రిల్‌లోనే ఇంటి పన్ను కట్టేస్తే ఎర్లీ బర్డ్ అని జీహెచ్‌ఎంసీ 5 శాతం తగ్గిస్తూ వచ్చింది. ముందు కట్టినందుకే తగ్గించినప్పుడు, కరెంటు తక్కువ వాడే ఇంటికి ఐదేళ్ల పాటు 10 శాతం తగ్గిస్తే తప్పేంటి? పుణెలో సోలార్, వాననీటి గుంత లాంటివి పెట్టుకున్న ఇళ్లకు 5 నుంచి 10 శాతం తగ్గిస్తున్నారు.

సైట్ ఇంజినీర్ నల్గొండ:
ఎవరు కొలుస్తారు సార్? నాది ఇరవై ఏళ్ల సర్వీసు. పర్మిషన్ కోసం ఇంకుడు గుంత తవ్వి, ఫొటో తీసి, నెల తిరక్కుండా పూడ్చేసిన సైట్లు నా కళ్లతో చూశాను. ఒకచోట ఆ గుంత మీదే ఇప్పుడు జనరేటర్ ఉంది. మీ రాయితీకీ అదే గతి. పైగా శ్లాబుకు వేసిన సున్నం ఒక్క వానాకాలం కూడా ఆగదు.

రమ్య వరంగల్:
ఆయన వేసింది సున్నం కాదండీ, టైల్స్.

సైట్ ఇంజినీర్ నల్గొండ:
టైల్స్ అయితే మరీ ఘోరం. జాయింట్లలో నీళ్లు దిగి రెండేళ్లకు శ్లాబు కారుతుంది. వాటర్ ప్రూఫింగ్ చేయకుండా పరిచిన ఇళ్లు ఎన్నో రిపేర్ చేశాను.

మిద్దెతోట ఉప్పల్:
నేను వాటర్ ప్రూఫింగ్ చేయించాకే పరిచాను. అసలు నేనడిగింది శ్లాబు గురించి కాదు, పన్ను గురించి.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. సోలార్ ప్యానెళ్ల మీద 12 నుంచి 5కి దిగింది. మిద్దె మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం ఇచ్చే సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేల సబ్సిడీ ఉంది. మంచిదే, కాదనను. కానీ ఏసీ అవసరమే లేకుండా కట్టిన గోడకు, సజ్జకు ఒక్క రూపాయి ఎందుకు రాదు? కొలత లేదంటున్నారు. ఇళ్లలో కరెంటు ఆదా కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత అనే నిబంధనల్లో ఉంది కదా! గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని అందులో రాశారు. ప్లాన్ చూసే లెక్కకట్టొచ్చు. రెండు వరుసల గోడను ఫొటో తీశాక ఎవరూ పూడ్చలేరు.

సైట్ ఇంజినీర్ నల్గొండ:
ప్లాన్‌లో ఉన్న సజ్జ సైట్‌లో ఉంటుందా? ఆ సంగతి చెప్పండి.

శ్రీను ఖమ్మం:
సజ్జ రోడ్డు మీద నిలబడి చూసినా కనపడుతుంది అన్నా.

పైఅంతస్తు కూకట్‌పల్లి:
పొద్దున్నుంచి చదువుతున్నాను. మీరంతా ఇల్లున్నవాళ్లు. నేను ఐదో అంతస్తు పైన పెంట్‌హౌస్‌లో అద్దెకుంటున్నాను. పేరుకే పెంట్‌హౌస్, రెండు గదులు. రాత్రి పది దాటాక కూడా గోడకు చెయ్యి ఆనించలేం. పాపను తడిగుడ్డ పరిచి పడుకోబెడతాం. మాకు గృహజ్యోతి ఉంది, 200 యూనిట్ల లోపు జీరో బిల్లు. ఏప్రిల్, మే వస్తే కూలర్ ఆపడానికి లేదు, 200 దాటుతుంది. దాటితే పైన కాలిన నాలుగు యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి.

శ్లాబుకు తెల్ల పెయింట్ వేయిద్దాం, సగం ఖర్చు నేనే పెట్టుకుంటానని ఓనర్‌ను అడిగాను. "కరెంటు బిల్లు కట్టేది నువ్వే కదమ్మా, నాకెందుకు?" అన్నాడు. ఇంటి పన్ను తగ్గిస్తే అది ఆయనకు తగ్గుతుంది. నా గది చల్లబడుతుందా?

సైట్ ఇంజినీర్ నల్గొండ:
అంత ఇబ్బందైతే ఇల్లు మారొచ్చు కదమ్మా.

పైఅంతస్తు కూకట్‌పల్లి:
మారమనడం తేలిక సార్. రెండు నెలల అడ్వాన్సు, సామాను బండి, పాప స్కూలు. కింద అంతస్తులో ఇదే సైజుకు నాలుగు వేలు ఎక్కువ అద్దె. ఆ నాలుగు వేలు ఉంటే ఈ పైకి ఎందుకొస్తాను?

మిద్దెతోట ఉప్పల్:
మీ కష్టం నిజం. కానీ దానికి నేనేం చేశాను? నాన్న రిటైర్మెంట్ డబ్బు, నా పదిహేనేళ్ల లోను కలిపితే ఆ ఇల్లు. ఖర్చు పెట్టింది నేను. మిగిలిన కరెంటు ఊరంతా వాడుకుంటుంది. కొంత తిరిగి ఇమ్మని అడగడం నేరమా?

పైఅంతస్తు కూకట్‌పల్లి:
నేరం అనలేదు అన్నా. మీ ఇల్లు ఇప్పటికే చల్లగా ఉంది. పన్ను తగ్గినా తగ్గకపోయినా చల్లగానే ఉంటుంది. ఆ డబ్బుతో ఇంకో శ్లాబు చల్లబడాలి అంటున్నాను. తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ, అంటే శ్లాబు మీద ఎండను తిప్పికొట్టే పెయింటో టైల్సో వేయాలనేది, 2023లో వచ్చింది. ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టేవాటికే తప్పనిసరి, అంతకు తక్కువైతే ఓనర్ ఇష్టం. మా గల్లీలో 600 గజాల ఇల్లు ఒక్కటి చూపించండి.

రమ్య వరంగల్:
అద్దెకిచ్చిన పైఅంతస్తుకు కూల్ రూఫ్ వేయిస్తేనే ఓనర్‌కు పన్ను తగ్గించాలి. అప్పుడు వాళ్లే మేస్త్రీని పిలుస్తారు.

మిద్దెతోట ఉప్పల్:
అలా అయితే ముందే ఆలోచించి సరిగ్గా కట్టుకున్నవాడికి సున్నా, నిర్లక్ష్యంగా కట్టినవాడికి రాయితీ. దీనికి నేను ఒప్పుకోను. ఇద్దరికీ ఇవ్వాలి.

పైఅంతస్తు కూకట్‌పల్లి:
ఇద్దరికీ సరిపడా డబ్బుంటే సంతోషం. ఒక్కరికే ఉంటే?

మిద్దెతోట ఉప్పల్:
అప్పుడు కూడా కట్టుకున్నవాడికి కొంతైనా రావాలి అంటాను.

సైట్ ఇంజినీర్ నల్గొండ:
అమ్మా, ఇందాక ఇల్లు మారమన్నాను, తప్పుగా అనుకోవద్దు. మీ శ్లాబు ఎన్ని చదరపు అడుగులు? పెయింట్ వేస్తే ఫిబ్రవరిలోనే వేయించాలి. ముందు వైర్ బ్రష్‌తో నాచు గీకి, కడిగి, పూర్తిగా ఆరాక రెండు కోట్లు. ఓనర్ నంబర్ మెసేజ్ చేయండి, నేను మాట్లాడతాను. శ్లాబు ఎండకు పగుళ్లిస్తే రిపేర్ ఖర్చు ఆయనదేనని చెబితే వింటాడేమో.

పైఅంతస్తు కూకట్‌పల్లి:
ఐదొందల యాభై ఉంటుంది సార్. ఆయన్ని అడిగి నంబర్ పంపిస్తాను.