గ్లైడర్‌ను పైకి లేపడానికి వించ్ మేలా, విమానం మేలా?

ప్రశ్న:
పోయిన నెల పూణెలో మా అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడు, హడప్సర్ గ్లైడింగ్ కేంద్రంలో గ్లైడర్, అంటే ఇంజిన్ లేని విమానం, పైకి లేవడం మొదటిసారి చూశాను. దూరాన నేల మీద ఉన్న వించ్ అనే యంత్రం కేబుల్‌ను చుట్టుకుంటూ లాగుతుంటే, గ్లైడర్ కాస్త దూరం దొర్లి, గాలిపటంలా నిటారుగా ఎక్కిపోయింది. విదేశీ వీడియోలలో మాత్రం చిన్న విమానమే తాడు కట్టి లాక్కువెళ్తోంది. ఏది మేలు? అంత ఏటవాలుగా ఎక్కేటప్పుడు కేబుల్ తెగితే ఏమవుతుంది? నేర్చుకోవాలని ఉంది, అమ్మకు ధైర్యం చెప్పాలంటే ముందు నాకు తెలియాలి.

జవాబు 1:
నేను జర్మనీలో ఒక క్లబ్బులో ఆరేళ్లుగా ఎగురుతున్నాను. వించ్ నిమిషంలోపే 300 నుంచి 500 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, ఖర్చూ తక్కువ. అయితే కేబుల్ వదిలిన చోట పైకి లేచే వేడి గాలి దొరకకపోతే ఐదారు నిమిషాల్లో దిగిపోవాలి. విమానం సాధారణంగా 600 మీటర్లకు, అవసరమైతే ఇంకా పైకి, గాలి బాగున్న చోటికే తీసుకువెళ్లి వదులుతుంది.

ఇక మీ అసలు సందేహం. వించ్ మీద ఎక్కేటప్పుడు రెక్కలు గ్లైడర్ బరువుతో పాటు కేబుల్ లాగే బలాన్ని కూడా మోస్తాయి. ఆ బలం హద్దు దాటితే గ్లైడర్ విరగకుండా, కేబుల్ చివర ఉండే వీక్ లింక్ అనే చిన్న లోహపు ముక్క ముందుగా తెగిపోతుంది. కేబుల్ తెగినా, వీక్ లింక్ తెగినా, ముక్కు ఆకాశం వైపు ఉంటుంది కనుక వేగం క్షణాల్లో పడిపోతుంది. అందుకే పైలట్ మరో ఆలోచన లేకుండా ముక్కు దించాలి, వేగం తిరిగి వచ్చేదాకా ఆగాలి, ఆ తర్వాతే ఎదురుగా దిగడమా, తిరిగి రావడమా అని తేల్చుకోవాలి. వేగం రాకముందే మలుపు తిప్పడమే ప్రాణాలు తీసే తప్పు. ఒంటరిగా ఎగరనిచ్చే ముందు శిక్షకులు చెప్పాపెట్టకుండా కేబుల్ వదిలేసి దీన్ని పదేపదే సాధన చేయిస్తారు. అమ్మగారికి ఈ మాట తప్పక చెప్పండి.

జవాబు 2:
విమానంతో లాగించుకోవడంలో ప్రమాదం లేదని మాత్రం అనుకోవద్దు. గ్లైడర్ మరీ పైకి లేచిపోతే తాడు విమానం తోకను ఎత్తేస్తుంది, దాని ముక్కు నేల వైపు తిరుగుతుంది. ముందున్న విమానం కనుమరుగైన క్షణంలోనే తాడు వదిలేయాలి, ఎందుకంటే అక్కడ పోయేది అవతలి పైలట్ ప్రాణం.

జవాబు 3:
ఈ రెండింటికీ ముందు రబ్బరు తాడే ఆధారం. 1920లలో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ మీద, గ్లైడర్ ముక్కుకు తగిలించిన తాడు రెండు కొసలనూ చెరొక జట్టు పట్టుకుని వాలు వెంట పరుగెత్తేది, తోకను వెనుక కొందరు పట్టి ఉంచేవారు. తాడు బాగా సాగాక తోక వదిలితే ఉండేలు దెబ్బలా దూసుకుపోయేది. దొరికే ఎత్తు కొద్ది మీటర్లే, మిగతాది కొండను తాకి పైకి లేచే గాలి చూసుకునేది. ఇంగ్లండ్‌లోని లాంగ్ మిండ్ కొండ మీద ఈ పద్ధతిని నేటికీ నిలుపుకున్నారని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది.

అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఒక మనిషి రెక్క కొస పట్టుకుని కొన్ని అడుగులు పరుగెత్తడం చూశాను. అది ఎందుకు?

జవాబు 1:
చాలా గ్లైడర్లకు బరువు మోసే చక్రం నడిమధ్య ఒక్కటే ఉంటుంది. వేగం వచ్చేదాకా రెక్కలను సమంగా ఉంచే బలం పైలట్ చేతిలో ఉండదు, ఆ కొద్ది అడుగులూ ఆ మనిషే దిక్కు. అతను వదిలాక రెక్క నేల వైపు ఒరుగుతున్నట్టు అనిపిస్తే, సరిచేసుకోవచ్చని ఆశపడకుండా అప్పుడే కేబుల్ వదిలేయాలి. అందుకే మేము ఆ సమయమంతా ఎడమ చేతిని కేబుల్ వదిలే పసుపుపచ్చ పిడి మీదనే ఉంచుతాము.